ముందూ వెనకా లేని మ్యూజియం గీస్తే తప్పా? కనజావా బిల్డింగు మీద చర్చ

విశాఖ_థీసిస్

అందరికీ నమస్కారం. బీఆర్క్ ఐదో ఏడాదిలో ఉన్నాను. థీసిస్‌కి విశాఖలో సమకాలీన కళల మ్యూజియం తీసుకున్నాను. బీచ్ రోడ్డుకి రెండు వీధులు లోపల సైట్. నాలుగు వైపులా రోడ్లు ఉన్నాయని నాలుగు వైపులా గుమ్మాలు పెట్టి, "ఇదే ముఖం" అనిపించే పెద్ద ఎలివేషన్ లేకుండా గీశాను. మొన్న రివ్యూలో షీట్లు చూసిన మొదటి నిమిషంలోనే జ్యూరీ "ఎలివేషన్ ఏదమ్మా? జనం ఎటు నుంచి రావాలి?" అని అడిగారు. జపాన్‌లోని కనజావా 21వ శతాబ్దపు సమకాలీన కళా మ్యూజియాన్ని ఉదాహరణగా చూపించాను. "అది జపాన్, ఇది విశాఖ" అని షీట్లు వెనక్కిచ్చేశారు. ఒకటే టెన్షన్, రెండు రోజుల నుంచి సరిగ్గా నిద్ర లేదు.

ఆ మ్యూజియం గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. సెజిమా కజుయో, నిషిజావా ర్యూఎ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు కట్టారు. వాళ్ళ ఆఫీసు పేరు సనా. 2004 అక్టోబర్‌లో తెరిచారు. 112.5 మీటర్ల వ్యాసంతో పళ్ళెంలా గుండ్రంగా ఉంటుంది, చుట్టూ గాజే. లోపల గ్యాలరీలు విడివిడి పెట్టెల్లా ఉంటాయి. ఒక పెట్టె ఎత్తు 4 మీటర్లయితే, ఇంకోటి 12 మీటర్ల దాకా లేచి కప్పు మీదుగా పైకి కనిపిస్తుంది. పెట్టెకీ పెట్టెకీ మధ్య వీధుల్లాంటి నడవలు, నాలుగు చోట్ల ఆకాశానికి తెరిచిన వాకిళ్ళు. బయటి రింగులోకి ఎవరైనా టికెట్ లేకుండా వెళ్ళొచ్చు. లోపలి ఎగ్జిబిషన్లకే టికెట్. కట్టిన ఏడాదే వెనిస్ ఆర్కిటెక్చర్ బినాలేలో గోల్డెన్ లయన్ వచ్చింది, 2010లో ఆ ఇద్దరికీ ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది.

నేను ఫొటోల్లో, డ్రాయింగుల్లో తప్ప చూడలేదు. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ముందు వైపంటూ లేని బిల్డింగులో జనానికి నిజంగా ఎలా అనిపిస్తుంది?

కాకినాడ_నగోయా

చెల్లీ, నేను వెళ్ళాను. ఒకసారి ఒక్కదాన్నే, పోయిన నవంబర్‌లో మా అమ్మతో, మా అబ్బాయితో. రెండోసారి సంగతి చెప్తాను, నీ ప్రశ్నకి అదే జవాబు అనుకుంటున్నాను.

మేము నగోయాలో ఉంటాం. ఎక్స్‌ప్రెస్‌లో త్సురుగ దాకా వెళ్ళి, అక్కడ షింకన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) మారితే కనజావా. అమ్మ వచ్చింది మ్యూజియం కోసం కాదు, కెన్‌రోకుఎన్ తోట కోసం. చలికాలం మంచు బరువుకి కొమ్మలు విరగకుండా చెట్లకి తాళ్ళు గొడుగులా కడతారని టీవీలో చూసిందట, అది చూడాలంది. తోటలో ఉండగానే వాన పట్టుకుంది. రోడ్డు దాటితే ఈ గాజు బిల్డింగు. గొడుగులున్నా చీర తడిసిపోతోందని అటు నడిచాం.

అమ్మకి మ్యూజియం అంటే భయం. హైదరాబాద్‌లో ఒకసారి సాలార్ జంగ్‌కి తీసుకెళ్తే మెట్లు చూసి "మనకెందుకే" అంది. ఇక్కడ మెట్లు లేవు. నేల మీద నుంచి నడుస్తుంటే అలాగే లోపలికి వచ్చేశాం. "టికెట్ తీసుకోలేదే" అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అక్కర్లేదమ్మా అన్నాను.

తర్వాత జేమ్స్ టరెల్ అనే కళాకారుడు చేసిన గది. అదీ టికెట్ లేని భాగంలోనే ఉంది. చతురస్రంగా ఉండే గది, గోడల వెంట రాతి బెంచీలు, కప్పు మధ్యలో చతురస్రంగా తెరిచిన ఆకాశం, అంతే. ఆ రోజు వాన కదా, ఆ రంధ్రంలోంచి వాన నాలుగు పలకలుగా దిగుతోంది. మధ్యలో నేల తడి, మేం కూర్చున్న బెంచీ పొడి. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మా అమ్మమ్మగారి మండువాలో ఇలాగే పడేది" అంది. ముప్పావు గంట కూర్చుంది. మధ్యలో ఒక ముసలాయన వచ్చి పక్కన కూర్చుని, కాసేపుండి, తల వంచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ముందు వైపు ఉండి ఉంటే, పెద్ద గుమ్మం ఉండి ఉంటే, మా అమ్మ ఆ బిల్డింగులోకి వచ్చేది కాదు. ఇది మీ జ్యూరీకి చెప్పు.

రంగులపళ్ళెం

నలభై ఏళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను, మాట్లాడే హక్కు ఉందనుకుంటాను. అమ్మగారి సంగతి చదివి నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ అమ్మాయ్, నీ షీట్లలో బొమ్మ ఎక్కడ తగిలిస్తావు?

ఆర్కిటెక్టులు మ్యూజియం కట్టమంటే తమ శిల్పం తాము చెక్కుకుంటారు. న్యూయార్క్ గుగెన్‌హైమ్ సంగతి తెలుసుకో. ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టింది, 1959లో తెరిచారు. శంఖంలా చుట్టుకుంటూ దిగే ర్యాంపు, వంగిన గోడలు, ఏటవాలు నేల. ఇంకా కడుతుండగానే, 1956లో, 21 మంది చిత్రకారులు మా బొమ్మలకి ఇది పనికిరాదని ఉత్తరం రాశారు. వాళ్ళలో డి కూనింగ్ ఉన్నాడు, మదర్‌వెల్ ఉన్నాడు. ఊరికే రాయలేదు. వంపు గోడ మీద ఆరడుగుల కాన్వాస్ పెడితే మధ్యలో తగులుతుంది, అంచులు గాల్లో ఉంటాయి. లేదంటే అంచులు తగిలి మధ్యలో బోలు. నేల ఏటవాలైతే బొమ్మ తిన్నగా ఉన్నా ఒరిగినట్టే కనిపిస్తుంది.

స్పెయిన్‌లో బిల్బావో మ్యూజియం కూడా అంతే. 1997లో ఫ్రాంక్ గెహ్రీ అనే ఆర్కిటెక్టు టైటానియం రేకులతో కట్టాడు. వెళ్ళొచ్చిన వాళ్ళని ఏం చూశారని అడిగితే బిల్డింగు ఫొటో చూపిస్తారు. లోపల ఎవరి బొమ్మలున్నాయో ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు మీ కనజావా గుండ్రటి గాజు. గాజుకి మేకు కొడతారా?

విశాఖ_థీసిస్

మాస్టారూ, కనజావాలో గుండ్రం బయట మాత్రమే. లోపల గ్యాలరీలు దాదాపు అన్నీ నిటారు గోడల చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు. గుండ్రటి గ్యాలరీ ఒకటుంది, అది వేరే. తెల్లటి తిన్నని గోడ, సమతలం నేల. వలయం ఊరి వైపు, పెట్టె బొమ్మ వైపు అనుకోండి. గుగెన్‌హైమ్‌లో వంపు లోపలికి కూడా వచ్చింది, ఇక్కడ రాలేదు. నాకు ఈ ప్లాను నచ్చింది అందుకే.

ఇంకో సంగతి. టరెల్ గదినీ, లియాండ్రో ఎర్లిచ్, అనీష్ కపూర్ అనే కళాకారుల 'స్విమ్మింగ్ పూల్'నీ, గదినీ ఆ బిల్డింగుతో పాటే అనుకుని కట్టారు. కపూర్ గదిలో ఏటవాలు కాంక్రీటు గోడలోనే నల్లటి కోడిగుడ్డు ఆకారం ఉంటుంది. ఆ గోడ లేకపోతే ఆ కళాఖండం లేదు.

రంగులపళ్ళెం

ఆ ముగ్గురి అదృష్టం బాగుంది. ముందే గది కట్టించుకున్నారు. నాలాంటివాడు చుట్టచుట్టిన కాన్వాస్ చంకలో పెట్టుకుని వస్తాడు. వాడి కోసం కూడా ఆలోచించు. తిన్నటి గోడ ఉందన్నావు, సంతోషం.

స్టీలుకాంక్రీటు

హైదరాబాద్ నుంచి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. ఈ బిల్డింగు స్ట్రక్చర్ ససాకి ముత్సురో గారిది. మా వాళ్ళు ఆయన పేరు చెప్తే లేచి నిలబడతారు.

ఫొటోల్లో ఆ తెల్లటి సన్నని కాలమ్స్ చూసి భూకంపాల దేశంలో ఇదెలా నిలబడింది అనుకుంటారు. కిటుకు ఏమిటంటే, ఆ కాలమ్స్ కప్పు బరువును నేలకి దించుతాయి, అంతవరకే వాటి పని. భూమి అడ్డంగా ఊపినప్పుడు వచ్చే తోపును గ్యాలరీ పెట్టెల గోడల్లో దాచిన స్టీలు తీసుకుంటుంది. పెట్టెలు ప్లాను అంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి కాబట్టి బలం కూడా అంతటా పరుచుకుని ఉంది. అంటే రంగులపళ్ళెం గారు బొమ్మ తగిలించే గోడే బిల్డింగుని పట్టుకుని ఉంది. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే.

కానీ ఒక హెచ్చరిక. 2024 జనవరి 1న కనజావా దగ్గరి నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. బిల్డింగు నిలబడింది, గ్యాలరీల్లో సీలింగు గాజు పలకలు మాత్రం ఊడి పడ్డాయి. ఎగ్జిబిషన్ భాగం నెలల తరబడి మూసేసి జూన్‌లో తెరిచారు. పై నుంచి పగటి వెలుతురు పలచగా రావాలని పెట్టిన గాజు అది. మనం కాలమ్‌కీ బీమ్‌కీ లెక్కలు కట్టి సీలింగుని కాంట్రాక్టర్‌కి వదిలేస్తాం. ప్రాణం తీసేది ఒక్కోసారి సీలింగే. నీ సెక్షన్‌లో, అంటే బిల్డింగుని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగులో, స్కైలైట్ (కప్పులోని వెలుతురు కిటికీ) కింద పలక దేనికి వేలాడుతోందో, ఊగితే ఎటు కొట్టుకుంటుందో గీసి చూపించు. థీసిస్‌లో అది గీసేవాళ్ళని నేను చూడలేదు.

చల్లగాలి

ఏసీ డిజైన్ చేస్తాను, ఇరవై ఏళ్ళు దుబాయ్‌లో, ఇప్పుడు కాకినాడలో. మీ జ్యూరీ అన్న "ఇది విశాఖ" మాటలో ఎలివేషన్ సంగతి పక్కన పెడితే సగం నిజముంది.

వెలుతురుని లక్స్‌లో కొలుస్తాం. నీటిరంగుల బొమ్మకి 50 లక్స్ మించి వెలుతురు పెట్టరు. నూనెరంగులకి 200 వరకు. బయట మన ఎండ మిట్టమధ్యాహ్నం లక్ష లక్స్. కాన్వాస్‌కి వేడి కంటే తేమ హెచ్చుతగ్గులే ఎక్కువ చేటు: సాగుతుంది, ముడుచుకుంటుంది, రంగు పెళ్ళలు లేస్తాయి. విశాఖలో తలుపు తీసిన ప్రతిసారీ సముద్రపు తేమ లోపలికి వస్తుంది. నాలుగు తలుపులంటే నాలుగు రెట్లు.

కనజావాలో గ్యాలరీ గోడ బయటి గాజుని తాకదు, గమనించారా? మధ్యలో జనం తిరిగే రింగు ఉంది. నా దృష్టిలో ఆ రింగు గాలికి దిండు లాంటిది. రింగులో నాలుగు డిగ్రీలు అటూ ఇటూ అయినా మనిషికి ఫర్వాలేదు, పెట్టె లోపల మాత్రం స్థిరంగా ఉంచొచ్చు. ఆ ఆలోచన ఉంచుకోండి. గాజు మాత్రం అలా ఎండలో నిలబెట్టకండి. ముందు ఎనిమిది పదడుగుల వరండా, దాని వెనక గాజు. వాన జల్లు కూడా ఆగుతుంది. పడమటి వైపు అసలు గాజే వద్దు. ఇంకోటి, ఉప్పుగాలికి స్టీలు కాలమ్స్ మూడేళ్ళలో తుప్పు చూపిస్తాయి. మా కాకినాడ ఇంటి గేటే సాక్ష్యం.

భోపాల్_రైలు

రైల్వేలో పని చేసి భోపాల్‌లోనే రిటైరయ్యాను. మీరంతా జపాన్ దాకా వెళ్ళారు. ముఖం లేని మ్యూజియం నా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది!

భారత్ భవన్. 1982 ఫిబ్రవరిలో తెరిచారు. కట్టింది చార్లెస్ కొరియా. ఆయన పుట్టింది మన సికింద్రాబాద్‌లో, 1930లో. రోడ్డు మీద నుంచి చూస్తే బిల్డింగే కనిపించదు. పెద్ద చెరువు ఒడ్డున వాలు నేల, ఆ వాలులోకి గదులన్నీ దించేశాడు. మనం పై నుంచి లోపలికి వెళ్తాం. నడుస్తున్నది తోటలోనా, గ్యాలరీ కప్పు మీదా అని తెలియదు. మెట్లు దిగితే ఒక వాకిలి, దాని చుట్టూ గదులు. ఇంకో పది మెట్లు దిగితే ఇంకో వాకిలి. కప్పుల మీద కాంక్రీటు గూళ్ళు లేచి ఉంటాయి, వాటిలోంచి వెలుతురూ గాలీ కిందికి వస్తాయి. చివరికి చెరువు.

సాయంత్రం ఐదింటికి మా వీధి పిల్లలు అక్కడ మెట్ల మీద కూర్చుని చెరువు చూస్తారు. వాళ్ళలో కొందరు దాహానికో ఎండకో గదుల్లోకి వెళ్తారు. గోండు కళాకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పని చేసింది అక్కడే. అడవి నుంచి వచ్చిన బొమ్మలనీ, నగరం చిత్రకారుల బొమ్మలనీ ఒకే కప్పు కింద పెట్టాలని చిత్రకారుడు జె. స్వామినాథన్ పట్టుబట్టాడు. ఎవరు గొప్ప అని ముఖద్వారం చెప్పని బిల్డింగు కాబట్టి అది అక్కడ అతికింది.

అమ్మా విశాఖా, "అది జపాన్" అన్నవాళ్ళకి ఈసారి భోపాల్ చూపించు. కైలాసగిరి నుంచి సముద్రం దాకా నీ ఊరంతా వాలే కదా. నీ సైట్‌లో వాలు ఎంత ఉంది?

విశాఖ_థీసిస్

బాబాయ్ గారూ, తూర్పుకి 4 మీటర్ల వాలు ఉంది! దాన్ని మట్టి పోసి చదును చేసేశాను షీట్లో. ఇప్పుడు సిగ్గేస్తోంది.

డ్రాయింగ్_టీచర్

నల్గొండ జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. ఆర్కిటెక్చర్ నాకు తెలియదు, పిల్లలు తెలుసు. కనజావా గురించి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది గాజు కాదు. తెరిచిన కొత్తలో ఊళ్ళోని ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల పిల్లలందరినీ, దాదాపు 40 వేల మందిని, బడి తరఫున తీసుకొచ్చి చూపించారు. తిరిగి వెళ్ళేటప్పుడు ప్రతి పిల్లవాడి చేతిలో ఒక టికెట్ పెట్టారు. దాని పేరు 'మో ఇక్కై కెన్'. 'ఇంకొక్కసారి టికెట్' అని అర్థమట. దాంతో పిల్ల మళ్ళీ ఉచితంగా రావొచ్చు. ఒంటరిగా రాదు కదా, అమ్మనో తాతనో చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. మొదటి ఏడాదిలో 15 లక్షల మందికి పైగా వచ్చారు, ఊరి జనాభా 5 లక్షలైనా లేదు.

మా బడి పిల్లల్ని ఒకసారి నగరంలో ఒక గ్యాలరీకి తీసుకెళ్ళాను. నలభై రెండు మంది. గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబెట్టి, చెప్పులు విప్పించి, ముట్టుకోవద్దు, మాట్లాడొద్దు, వరస తప్పొద్దు అన్నారు. బయటికొచ్చాక ఏం నచ్చిందని అడిగితే ఏడో తరగతి పిల్ల "బయట వేపచెట్టు సార్" అంది. ఆ పిల్ల ఇప్పటికీ నా దగ్గర మంచి బొమ్మలు వేస్తుంది. మళ్ళీ గ్యాలరీకి మాత్రం రానంది.

అమ్మా, నీ ప్లానులో నలభై రెండు మంది పిల్లలు ఒకేసారి బస్సు దిగితే ఎక్కడ నిలబడతారు? బ్యాగులు, టిఫిన్ డబ్బాలు ఎక్కడ పెడతారు? నీళ్ళు ఎక్కడ తాగుతారు? అది గీయి.

కాకినాడ_నగోయా

టీచర్ గారూ, చదువుతుంటే గుండె పిండేసినట్టయింది. కనజావాలో బయట పచ్చికలో పన్నెండు గొట్టాలు ఉంటాయి, బాకా మూతుల్లా విచ్చుకుని. రెండేసి నేల కింద కలిసి ఉంటాయి, కానీ పక్కపక్కవి కాదు. ఒకదాంట్లో మాట్లాడితే ఎక్కడో దూరంగా ఉన్న దాంట్లో వినిపిస్తుంది. వాన తగ్గాక మా అబ్బాయి ఒకదాని దగ్గరికి పరుగెత్తాడు. అమ్మ ఇంకోదాని దగ్గర వంగి "ఒరే కన్నా, వినపడుతోందా" అంది. జవాబు వాడి దగ్గర నుంచి రాలేదు, ఎవరో జపాన్ పాప "హాయ్!" అంది. అమ్మ మళ్ళీ తెలుగులోనే ఏదో అడిగింది, ఆ పాప జపనీస్‌లో ఏదో చెప్పింది. ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు. దానికీ టికెట్ లేదు.

రంగులపళ్ళెం

టీచర్ గారి వేపచెట్టు మాటకి రాత్రంతా ఆలోచించాను. నా మొదటి ప్రదర్శనకి మా నాన్న వచ్చి గేటు బయటే నిలబడిపోయాడు. పంచె కట్టుకున్నాను, లోపలికి రానిస్తారో లేదో అన్నాడు. నేను లోపల అతిథులతో ఉన్నాను. అరగంట తర్వాత చూశాను.

నాలుగు తలుపులూ ఉంచమ్మా. నేను వాదించను.

కానీ వెనక వైపు లేని బిల్డింగుకి లారీ ఎటు నుంచి వస్తుంది? పదడుగుల కాన్వాస్‌ని చెక్కపెట్టెలో పెడితే పన్నెండడుగులవుతుంది. వానలో దింపకూడదు, మలుపు తిరగాలి, పెట్టె విప్పే గది కావాలి. ఆ గదిలోనే ఒకటి రెండు రోజులు ఉంచి లోపలి గాలికి అలవాటు పడనివ్వాలి. చాలా మ్యూజియాల్లో ఇది చివర్లో గుర్తొస్తుంది. అప్పుడు క్యాంటీన్ పక్క నుంచి తెస్తారు. నా బొమ్మ ఒకటి సాంబారు బకెట్ల పక్క నుంచి వెళ్ళింది.

స్టీలుకాంక్రీటు

మంచి ప్రశ్న. కనజావాలో ఇలాంటివి చాలావరకు నేల కిందికి తోసేశారు. పార్కింగు, థియేటరు అన్నీ కిందే. వెనక వైపు లేకపోవడానికి అయిన ఖర్చు అది. సముద్రానికి రెండు వీధుల దూరంలో బేస్‌మెంట్ తవ్వితే నీళ్ళతో యుద్ధం చేయాలి. అంత లోతుకి వెళ్ళొద్దు. నీకు 4 మీటర్ల వాలుంది కదా! కింది రోడ్డు నుంచి లారీ తిన్నగా లోపలికి వస్తుంది, దాని మీద గ్యాలరీ. తవ్వాల్సిన పని లేదు. భోపాల్ బాబాయ్ గారి మాట విను.

చల్లగాలి

అవును. ఏసీ ప్లాంటు కూడా ఆ కిందే పెట్టండి, కప్పు మీద వద్దు. కప్పు మీద పెడితే ఎంత అందంగా గీసినా అందరికీ కనిపించేది చిల్లర్ యంత్రమే. లారీ వచ్చే వైపు రెండు తలుపుల గది మర్చిపోవద్దు: ఒకటి మూశాకే రెండోది తెరవాలి.

విశాఖ_థీసిస్

వారం అయింది. షీట్లు మళ్ళీ మొదటి నుంచి గీశాను. వాలుని తిరిగి తెచ్చాను. పై రోడ్డు నుంచి వస్తే కప్పు మీది తోటలోకి, అక్కడ నుంచి మెట్లు, పక్కనే ర్యాంపు, మధ్యలో మండువా. చుట్టూ తొమ్మిదడుగుల వరండా, గాజు దాని వెనక, పడమర గోడకి గాజు లేదు. కింది రోడ్డు వైపు లారీ గుమ్మం. బస్సు దిగే చోట వేపచెట్టు ఉంది, నిజంగానే సైట్‌లో ఉంది, దాన్ని కొట్టేసినట్టు గీశాను ఇదివరకు. ఇప్పుడు దాని చుట్టూ అరుగు, కొళాయిలు, బ్యాగుల అరలు పెట్టాను. స్కైలైట్ పలక వేలాడే డీటెయిల్ 1:5 స్కేల్‌లో గీశాను, స్టీలుకాంక్రీటు గారికి ప్రైవేటు మెసేజ్‌లో పంపాను.

ఎలివేషన్ మాత్రం ఇప్పటికీ పెట్టలేదు. సెక్షనే మొదటి షీట్.

ఒక్క సందేహం మిగిలింది. నాలుగు తలుపులూ ఒకేలా ఉంటే జనం దారి తప్పరా? జ్యూరీ ఇది తప్పకుండా అడుగుతారు. నగోయా అక్కా, మీకేమైనా ఇబ్బంది అయిందా?

కాకినాడ_నగోయా

అయింది చెల్లీ, దాచను. లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర స్టాండులో గొడుగులు పెట్టి తాళం వేశాం. అన్నీ చూసి బయటికొస్తే స్టాండు ఉంది, మా నంబరు లేదు. వేరే తలుపు! అన్నీ గాజే, అన్నీ తెలుపే, బయట పచ్చిక కూడా ఒకేలా ఉంది. అప్పటికి చీకటి పడింది. నాకు కాస్త కంగారు వేసింది.

అమ్మ మాత్రం "లోపల నుంచే పోదాం పద" అంది. రింగు వెంట నడిచాం. దారిలో మైఖేల్ లిన్ అనే కళాకారుడి పువ్వుల గోడ ఉంది, అది అమ్మకి గుర్తుంది, "ఈ పువ్వుల దగ్గర ఎడమకి తిరిగాం" అంది. అక్కడి ఊగే కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చుంది. ఆ ఊరి పట్టుబట్టల మీది డిజైన్ అట ఆ పువ్వులు, చీర అంచు చూసినట్టు చేత్తో గాల్లో గీస్తూ చూసింది. తర్వాత టరెల్ గది ముందు నుంచి వెళ్ళాం. వాన ఆగింది, చతురస్రంలో ముదురు నీలం ఆకాశం. అక్కడ ఇంకో పది నిమిషాలు. గొడుగులు దొరికేసరికి మా రైలు వెళ్ళిపోయింది, తర్వాతి దానికి వెళ్ళాం.

నాలుగు తలుపుల దగ్గరా నాలుగు వేరే గుర్తులు పెట్టు. ఒకదాని దగ్గర నీ వేపచెట్టు ఎలాగూ ఉంది.